కొండగాలి

మూడువందల పన్నెండు వరుసలు
ఒక్క రాత్రిలో తీసేశాడు ఎల్లాజీ.
కారణం రాసే చోట రెండే ముక్కలు:
"తప్పుంది. తీసేశాను."

మద్దిలపాలెం అద్దెగదిలో
రెండేళ్ల ఆదివారాలు పోగేసిన పట్టిక అది.
తుఫాను హెచ్చరిక ఇంగ్లీషులో దిగితే
మన గాలి పేర్లతో తెలుగు చేసి
పడవల వాళ్ల ఫోన్లకు పంపే ప్రోగ్రాం.
ఎవరి సొత్తూ కాదు, ఎవరికీ జీతం లేదు.
ఎవరైనా వచ్చి సరిచెయ్యొచ్చని
గుమ్మం మీద రాసింది నేనే.
"ఎదుటివాళ్లు మంచికే చేశారనుకుని మొదలుపెట్టండి"
ఆ రెండో వాక్యమూ నాదే.

నిజంగా ఒకడొచ్చి సరిచేశాక తెలిసింది
ఎంత తేలిగ్గా రాశానో.

అందరూ చూసే చోట రాశాను:
"కొందరికి పని చేతకాదు, చెరపడం చేతనవును.
పేరు కోసం వచ్చేవాళ్ల సంగతి
సముద్రమే చూసుకుంటుంది."
ఆ సముద్రం మాట
భలే కుదిరిందనుకున్నాను కూడా.
ఇరవై తొమ్మిది మంది బొటనవేళ్లు ఎత్తారు.
ఒక్కరూ ఆ వరుసలు తెరిచి చూడలేదు.
నేనూ చూడలేదు.

వారం పోయాక, లాసన్స్ బే వైపు
వేరే పని మీద వెళ్లి టీకి ఆగితే
వల కుడుతున్న ముసలావిడ కనిపించింది.
ఊరికే అడిగాను,
కొండగాలంటే ఏ దిక్కమ్మా అని.
సూది ఆపకుండా గడ్డంతో చూపించింది
దక్షిణంగా, డాల్ఫిన్ నోస్ వైపు.
"కొండ అటు నేదేటి, కళ్లు నేవా?"

నా పట్టికలో కొండగాలి అంటే పడమర.
భీమిలిలో విన్నాను, భీమిలిలో కొండ పడమరే.
ఇక్కడ దక్షిణం.
పుడిమడకలో ఎటో, నేనింకా అడగనేలేదు.
మూడువందల పన్నెండు వరుసల్లో
ఊళ్లన్నిటికీ ఒకే కొండ పెట్టాను.

టీ చల్లారింది. తాగాను.

ఇంటికొచ్చి రాయడానికి కూర్చుంటే
"ఎవరి మనసైనా నొప్పించి ఉంటే"
అని దానంతటదే వచ్చింది చేతికి.
ఆ "ఉంటే" దగ్గర ఆగాను.
నొచ్చినవాణ్ణే సాక్ష్యం తెమ్మంటోంది ఆ మాట.
తీసేశాను.
"పొరపాటు జరిగింది" అని రాశాను.
జరగడానికి అదేమన్నా వర్షమా?
తీసేశాను.
"కానీ మీరూ కాస్త వివరంగా..."
బాకీ తీరుస్తూ చిల్లర అడిగినట్టుంది.
అదీ పోయింది.

ఆయనొక్కడికే చెప్పేస్తే పోదా
అనిపించింది, అబద్ధమెందుకు.
జగదాంబ సెంటర్లో తిట్టి
సందులోకి పిలిచి దణ్ణం పెట్టడమా?
తిట్టిన చోటే, ఆ బొటనవేళ్ల కిందే రాశాను:

"నేను, గొర్లె పద్మిని, ఎల్లాజీ గారిని అన్న మాటలు తప్పు.
ఆయన పని చూడకుండానే
ఆయన మనసు చూసేశాననుకున్నాను.
తీసేసినవి తీసెయ్యాల్సిన వరుసలే.
పుడిమడక నుంచి ఇంత శ్రద్ధగా పనిచేసే మనిషిని
పోగొట్టుకోబోయాను. మన్నించండి."

పాత మాటలు చెరపలేదు.
అవి లేకపోతే ఇవి దేనికో తెలీదు.

ఈసారి బొటనవేళ్లు నాలుగు.
రెండ్రోజులు ఎల్లాజీ పలకలేదు.
రెండో రాత్రికే లోపల అదే పురుగు:
పలకడేం, పొగరా?

మూడోరోజు తెల్లారుజామున నాలుగున్నరకి వచ్చింది:
"వేటలో ఉన్నానండి, సిగ్నల్ నేదు.
ఆ రోజూ పడవెక్కబోతూ రాశాను,
అందుకే రెండు ముక్కలు.
మీ మాటకి బాధపడ్డాను. ఇప్పుడు ఒగ్గేశాను.
మాది పుడిమడక కాదు, జాలారిపేట.
సరిచేశాను, చూడండి."

నా క్షమాపణలోనే ఒక మార్పు.
ఊరి పేరు ఒకటి కొట్టేసి, ఒకటి పెట్టి,
కింద ఒప్పుకోమని మీట.

ఈసారి ముందు తెరిచి చూశాను.
తరవాతే ఒప్పుకున్నాను.